రెండో శనివారం పారిశ్రామికవేత్త

నెల్లూరులో పరిశ్రమలు లేవని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. రాత్రి పదిన్నరకి వేదాయపాళెంలో నాలుగు మేడలెక్కి చూడండి, ఏదో ఒక గదిలో సోల్డరింగ్ ఐరన్ పొగలో ఫ్యాక్టరీ నడుస్తూ ఉంటుంది. యజమాని, కార్మికుడు, సేల్స్ మేనేజరు, కస్టమర్ కేర్ అన్నీ ఒకడే. పగలు మాత్రం ప్రభుత్వ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు.

ఆయన తయారుచేసేది రొయ్యల గుంటలకి అలారం డబ్బా. గుంటలో ఆక్సిజన్ రాత్రంతా తగ్గుతూ వచ్చి తెల్లవారుజాముకి అడుగంటుతుంది, ఖర్మకాలి అప్పుడే ఒక ఫేజు పోయి, నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు ఆగాయంటే పంట గోవిందా. అందుకని మూడు ఫేజులకీ కరెంటు ఉందో లేదో కనిపెట్టే ఆప్టోకప్లర్లు మూడు పెట్టి, ఏది పోయినా సిమ్ మాడ్యూల్ నుంచి రైతుకి ఫోన్ వెళ్లేట్టు చేశాడు. మంచి సరుకే, కాదనను. ఉప్పుగాలికి బోర్డు మీది రాగి పచ్చబడకుండా నెయిల్ పాలిష్ కూడా పూస్తాడు, గులాబీ రంగుది. ఇందుకూరుపేటలో గుంట గట్టు మీద డబ్బా మూత తీస్తే లోపల పెళ్లికూతురి గోళ్లలా మెరుస్తుంటుంది.

ఆ నెయిల్ పాలిష్ ఎవరిదో వాళ్లే కంపెనీ ప్రొప్రైటరు. ఉద్యోగి అనుమతి లేకుండా వ్యాపారం చేయకూడదని 1964 నాటి ప్రవర్తనా నియమావళి చెబుతుంది కదా, అందుకని చిన్న పరిశ్రమలకిచ్చే ఉద్యమ్ సర్టిఫికెట్ భార్య పేరు మీద తీశారు. రిలే అంటే ఏంటో ఆవిడకి తెలీదు, లాభం అంటే ఏంటో ఆయనకి తెలీదు, సంస్థ నడిచిపోతోంది.

సామాను చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో కొనాలి. ఆదివారం ఈయనకి సెలవు, అక్కడ కొట్లకీ సెలవే. కాబట్టి నెల్లూరు ఎలక్ట్రానిక్స్ రంగం మొత్తం రెండో శనివారం మీద ఆధారపడి ఉంది, ఈ ముక్క ఏ ఆర్థికవేత్తా రాయలేదు. ఇక జీఎస్టీ. సరుకు అమ్మేవాళ్లకి ఏడాదికి 40 లక్షల దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, కానీ పక్క రాష్ట్రానికి ఒక్క డబ్బా పంపినా తప్పదు. అంటే తమిళనాడు సరిహద్దులోని తడ దాటి వెళ్లి కొనుక్కోవచ్చు, తడ దాటించి అమ్మకూడదు. 40 లక్షల గీత ఎక్కడ దాటిపోతుందోనని ఈయనకి ఒకటే టెన్షన్.

ధర దగ్గరికొద్దాం. సామానుకి 1,800, అమ్మేది 2,000, మిగిలిన 200 విడవలూరు పోయి బిగించి రావడానికి పెట్రోలు, టీ. కూలి అనే గడి ఆయన నోటుపుస్తకంలోనే లేదు. రైతు మాత్రం బహు తెలివైనవాడు. బేరం దగ్గర "మీకిది హాబీ కదా సార్, మా దగ్గర లాభం చూసుకుంటారా" అంటాడు, డబ్బు చేతిలో పెట్టగానే "వ్యాపారం అన్నాక రెండేళ్లన్నా గ్యారంటీ ఉండాల గదా సార్" అంటాడు. రెండూ న్యాయంగానే వినిపిస్తాయి, అదీ దౌర్భాగ్యం.

ఆ గ్యారంటీ కింద ఏమేం వస్తాయనుకున్నారు? డబ్బా నడిచేది టూజీ మీద, టూజీ లేని కంపెనీ సిమ్ వేసి డబ్బా చచ్చిందంటారు. రీచార్జి అయిపోయినా డబ్బాదే తప్పు. ఒకాయనైతే తెల్లవారుజామున మూడున్నరకి ఫోన్ చేసి, "సార్, ఇప్పుడే మీ డబ్బా నాకు ఫోన్ చేసింది, ఏమైందో కనుక్కోండి" అన్నాడట.

ఇంత జరిగినా ఈ పరిశ్రమ మూతపడకపోవడానికి కారణం ఒకటే, ఒకటో తారీఖు జీతం. వడ్డీ అడగదు, వాటా అడగదు, బ్యాలెన్స్ షీటు చూపించమనదు. స్టార్టప్ సదస్సుల్లో ఇన్వెస్టర్లకి శాలువాలు కప్పేవాళ్లు ముందు ట్రెజరీ ఆఫీసుకెళ్లి కప్పి రావాలి. బదిలీల నుంచి కూడా ఇలాంటివాళ్లకి మినహాయింపు ఇవ్వాలని ప్రభుత్వాన్ని డిమాండ్ చేస్తున్నాను. రేపు ఈయన్ని ఉదయగిరికి వేశారనుకోండి, అక్కడ రొయ్యల గుంటలు యాడున్నాయి?