హైదరాబాద్ నుంచి డల్లాస్ 16 గంటలు కాదండీ

హైదరాబాద్ నుంచి డల్లాస్ ఎంతసేపు అని ఫోన్లో కొడితే 14,400 కిలోమీటర్లు, 16 గంటలు అని వస్తుంది. ఆ అంకె నమ్మి 70 ఏళ్ళ అమ్మానాన్నలకు టికెట్లు తీసేవాళ్ళమీద నాకు నిజంగానే కోపం.

దూరం తప్పు కాదు. గ్లోబు మీద శంషాబాద్ నుంచి డల్లాస్‌కు ఓ దారం బిగించి లాగండి, ఉత్తర ధ్రువం పక్కనుంచే పోతుంది. అదే అన్నిటికన్నా దగ్గరి దారి. దాన్ని గంటకు 900 కిలోమీటర్ల చొప్పున భాగించారు, అంతే. కానీ మనవాళ్ళు ఆ దారిన పోరు, మధ్యలో ఎక్కడో విమానం మారతారు. దుబాయ్ మీదుగా అయితే అక్కడికి 2,550 కిలోమీటర్లు, మళ్ళీ డల్లాస్‌కు 12,900. పెరిగిన దూరం వెయ్యి పైచిలుకే. సమయం చూడండి: దుబాయ్‌కి 4 గంటలు, అక్కణ్ణుంచి సుమారు 16, మధ్యలో ఆగేది తక్కువలో తక్కువ 3. మొత్తం 23 గంటలు!

తిరుగు ప్రయాణానికి ఇదే లెక్క పనికిరాదు. పైన గాలి పడమర నుంచి తూర్పుకు వీస్తుంది కాబట్టి వచ్చేటప్పుడు ఆ పెద్ద ఫ్లైటు గంటకు పైగా తగ్గుతుంది. దారులు కూడా మారుతుంటాయి. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని మన విమానాలకు మూసేశాక, ఢిల్లీ నుంచి అమెరికా వెళ్ళే మన విమానాలు చుట్టూ తిరగాల్సి వచ్చింది. ఫోన్లో చూపించే దూరం మాత్రం ఒక్క కిలోమీటరు మారలేదు.

టికెట్ మీద ఉండేవి ఏ ఊరి టైము ఆ ఊరిదే. ఇక్కడ ఉదయం 4కి ఎక్కి, అదే రోజు సాయంత్రం 4కి డల్లాస్‌లో దిగితే 12 గంటలు కాదు. ఎండాకాలంలో తేడా పదిన్నర గంటలు, అది కలిపితే ఇరవై రెండున్నర. నవంబరు మొదటి ఆదివారం అమెరికావాళ్ళు గడియారం గంట వెనక్కి తిప్పుతారు, అప్పుడు తేడా పదకొండున్నర.

తేదీ దగ్గర ఇంకా పెద్ద పొరపాటు. 15వ తేదీ తెల్లవారుజామున 4 అంటే ఎయిర్‌పోర్టుకు 14 రాత్రే బయల్దేరాలి. 3 గంటల ముందు ఉండాలనుకుంటే కూకట్‌పల్లి నుంచి 14 రాత్రి పదకొండుకే కారెక్కాలి. 15 రాత్రి సూట్‌కేసులతో వెళితే టికెట్ పోయినట్టే.

అమెరికాలోనే ఇంకో విమానం మారేలా ఉంటే మామూలుగా మొదట దిగిన ఊళ్ళోనే ఇమిగ్రేషన్. చెకిన్ సామాను బెల్టు మీంచి తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్ళీ అప్పగించాలి. దీనికి గంటన్నర గ్యాప్ పెట్టడం అన్యాయం, 3 గంటలు పెట్టండి. చవకని రెండు వేర్వేరు టికెట్లు కొనొద్దు. మొదటిది ఆలస్యమైతే రెండోదానికి ఎవరూ పూచీ ఉండరు, డబ్బూ పోతుంది, రాత్రంతా కుర్చీల్లో కూర్చోవాల్సిందీ ఆ పెద్దవాళ్ళే. రెండూ ఒకే పీఎన్నార్ (బుకింగ్ నంబరు) మీద తీయండి, మోకాళ్ళ నొప్పులుంటే వీల్‌చైర్ బుకింగ్ అప్పుడే రాయించండి.