25లోంచి 5ని తీయగలిగేది ఒక్కసారేనా?

"25లోంచి 5ని ఎన్నిసార్లు తీసివేయగలం? ఐదుసార్లు అన్నారా, తప్పు! ఒక్కసారే. ఎందుకంటే ఆ తర్వాత అది 25 కాదు, 20." ఈ మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. ఐదు అన్న పిల్లల్ని అందరి ముందూ తెల్లబోయేలా చేస్తున్నారు కాబట్టి దీనికి జవాబు చెప్పాలి.

ముందు వాళ్లు చెప్పే కారణం చూద్దాం. "ఆ తర్వాత అది 20" అంటున్నారు. ఏది 20? కాగితం మీద 25 − 5 = 20 అని రాయండి. దాని కిందే మళ్లీ 25 − 5 = 20 అని రాయండి. 25 ఎక్కడికీ పోలేదు. కాగితం నిండేదాకా రాసుకోవచ్చు. సంఖ్య గురించే అడిగితే జవాబు "ఎన్నిసార్లయినా". తరిగిపోయేది సంఖ్య కాదు, కుప్ప. 25 గింజల కుప్పలోంచి 5 తీస్తే 20 మిగులుతాయి, నిజమే. కానీ కుప్ప అనుకున్నాక రెండోసారి తీయడానికి అడ్డేముంది? ఐదోసారికి అది ఖాళీ అవుతుంది. "ఒక్కసారే" అనేవాళ్లు తీసేటప్పుడు దాన్ని కుప్పగా చూస్తారు, తీశాక "ఇది 25 కాదుగా" అని సంఖ్యను పట్టుకుంటారు. "సరిగ్గా 25 ఉన్నప్పుడే తీయాలి" అని ముందే చెప్పి అడిగితే ఒక్కసారే సరైన జవాబు. ఆ షరతు ప్రశ్నలో లేదు. జవాబు చెప్పేటప్పుడు తెచ్చి కలిపారు.

ఇక "ఐదు అన్నవాళ్లకు లెక్క రాదు" అనే మాట. నాకు ఎక్కువ బాధ అనిపించింది ఇదే. మిగిలినదాంట్లోంచి మళ్లీ మళ్లీ తీయడమే భాగహారం. రెండు సంఖ్యల గరిష్ఠ సామాన్య భాజకం (రెండింటినీ శేషం లేకుండా భాగించే అతిపెద్ద సంఖ్య) కనుక్కోవడానికి పెద్దదాంట్లోంచి చిన్నదాన్ని తీస్తూ పొమ్మని ప్రాచీన గ్రీకు గణితవేత్త యూక్లిడ్ చెప్పాడు. చేత్తో తిప్పే పాత లెక్కల యంత్రాలు భాగించిందీ ఇలాగే: తీసివేస్తూ, ఎన్నిసార్లు తీశామో లెక్కపెడుతూ. ఐదు అన్న పిల్లవాడు చేసింది అదే పని.

నిజానికి ఐదుకీ ఒక షరతు ఉంది: సున్నా దగ్గర ఆగాలి. గింజలైతే ఆగక తప్పదు. సంఖ్యలకు ఆ అవసరం లేదు. సున్నాలోంచి ధన సంఖ్యను తీస్తే ఋణ సంఖ్య (మైనస్ సంఖ్య) వస్తుందని గణితవేత్త బ్రహ్మగుప్తుడు క్రీ.శ. 628లోనే నియమం రాశాడు. మైనస్ 5, మైనస్ 10 అంటూ ఎంత దూరమైనా పోవచ్చు.

"ఇది లెక్క కాదు, తెలివికి పరీక్ష" అని కూడా అంటారు. తెలివిని పరీక్షించే ప్రశ్నలో జవాబుకు ఆధారం ఆ మాటల్లోనే ఉండాలి. "మూడు పళ్లలోంచి నువ్వు రెండు తీసుకుంటే నీ దగ్గర ఎన్ని ఉంటాయి?" అన్నది అలాంటిది. "తీసుకుంటే" అన్నారు, "తీసేస్తే" అనలేదు. శ్రద్ధగా విన్నవాళ్లకు రెండు అని తెలిసిపోతుంది. 25 ప్రశ్నను ఎంత శ్రద్ధగా విన్నా "ఒక్కసారే" అని తేల్చే మాట ఒక్కటీ దొరకదు.

ఈసారి ఎవరైనా పిల్లల్ని ఇది అడిగితే, జవాబు తప్పో ఒప్పో చెప్పే ముందు ఎలా వచ్చిందో అడగండి. "మళ్లీ 25లోంచా, మిగిలినదాంట్లోంచా?" అని ఎదురడిగిన పిల్లవాడికి ప్రశ్నలో ఏం లోపించిందో అప్పటికే తెలుసు.