మహారాజశ్రీ ‘అమ్మబడును’ గారికి

జిల్లా పేపరు లోపలి పేజీలో, అడుగున ఓ మూల, చీమల బారులాగా నిలబడి ఉండే వరుస ప్రకటనల వారి సముఖమునకు,

పత్తికొండ తాలూకా నుంచి ఒక రైతు నమస్కరించి రాయునది. (1985లోనే తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఆ సంగతి మా నోటికి ఇంకా చేరలేదు.) ఇక్కడ మేమంతా క్షేమం. వాన లేదు, టమాటాకు ధర లేదు, అయినా ఉత్తరం మొదట్లో క్షేమమనే రాయాలి కాబట్టి క్షేమం. మీ క్షేమం మాత్రం మొన్న హోటల్లో తెలిసింది. ఉగ్గాని ప్లేటులో పెట్టి, మిరపకాయ బజ్జీలు మీలో చుట్టి ఇచ్చాడు. నూనె పీల్చుకుని మీ ‘వధువు కావలెను’ అద్దంలాగా మెరుస్తోంది. వెనక పేజీలో ఎవరిదో పెద్దకర్మ ఫోటో ఆ నూనెలోంచి తేలివచ్చి, సరిగ్గా ‘వరుడు 29, బెంగళూరులో ఉద్యోగం’ అన్నచోట కుదురుకుంది. మెడలో దండ కూడా ఉంది. చూస్తే పెళ్లికొడుకే.

పోయిన నెల దాకా మీతో నాకు ఏ పేచీ లేదు. పేచీ ఎట్లా వచ్చిందో చెప్తాను, వినండి.

మా నాయన చేయించిన ఎద్దుల బండి ఒకటి మా వాకిట్లో ఉంది. ఎద్దులు పోయి పదేళ్లయింది. సేద్యానికి ట్రాక్టరు బాడుగకు వస్తుంది, ఊరికి పోవాలంటే మోటరు సైకిలు ఉంది. బండి మాత్రం నొగలు నేలకు ఆనించి, నడిచి నడిచి వచ్చిన ముసలాయన వంగి నిలబడ్డట్టు అక్కడే ఉంది. ఎడమ చక్రం ఆకుల్లో రెండింటికి పురుగు పట్టింది. కుడి పక్క ఇరుసు కొసన, చక్రం జారిపోకుండా బెజ్జంలో దించే కడసీల లేదు, ఎప్పుడు పోయిందో తెలియదు. ఆ బెజ్జంలో మా ఇంటి ఆడవాళ్లు తల దువ్వుకున్నప్పుడు రాలిన వెంట్రుకలు ఉండచుట్టి దోపుతారు. వెంట్రుకలకు స్టీలు గిన్నెలిచ్చే ఆటో మైకు వినబడగానే తీసుకుని పరుగెత్తడానికి అదే వీలైన చోటు.

అమ్మేద్దామని మా పిల్లోడు అన్నాడు. సరేనని పత్తికొండ పోయాను. అక్కడ జిరాక్సు షాపు అతనే మీ ఏజెంటు. తెల్లకాగితం మీద నా చేత్తో ఇట్లా రాసిచ్చాను: “మా నాయన చేయించిన తుమ్మచెక్క ఎద్దుల బండి, ఇరుసు గట్టిది, ఒక కడసీల లేదు, చూసి మాట్లాడుకోవచ్చు.”

అతను చదివి, పెన్ను తీసి ముందు ‘మా నాయన’ను కొట్టేశాడు.

“నాయన ఏంటికన్నా? మాటకింత లెక్క. నాయన ఉంటే రేటు పెరుగుతాదా?”

తరవాత తుమ్మచెక్క పోయింది. ఇరుసు పోయింది. కడసీల ఎట్లాగూ లేదు కాబట్టి అదీ పోయింది. చివరికి మిగిలింది: “ఎద్దుల బండి, మంచి కండీషన్, అమ్మబడును.” కింద నా ఫోన్ నంబరు. 450 రూపాయలు.

ఈ ‘బడును’ గురించి మిమ్మల్ని అడగాలి. మా ఊళ్లో పుట్టినప్పటి నుంచి పోయేదాకా ఏ మనిషీ నోటితో ‘అమ్మబడును’ అనడు. ‘అమ్ముతాండా’ అంటాడు, ‘అమ్మేసినా’ అంటాడు, తాగినప్పుడు ‘అమ్మి తీరతా’ అంటాడు. అమ్మేవాడు ఒకడున్నాడని ఆ మాటలోనే తెలుస్తుంది. ఏంటికి అమ్ముతాండావని వాణ్ణి నిలదీయొచ్చు. మీ దగ్గరికి వచ్చేసరికి ఆ మనిషి మాయం. అమ్మబడును, కొనబడును, అద్దెకు ఇవ్వబడును, బోరు పాయింట్లు చూడబడును. ఎవరు చూస్తారయ్యా అంటే, ఏమో, చూడబడును. ఈ చివరిదాంట్లో మాత్రం మీరు అబద్ధమాడలేదు. అరచేతిలో కొబ్బరికాయ లేచి నిలబడింది కాబట్టి ఇక్కడ నీళ్లున్నాయని చెప్పినాయన, తిరుచెంగోడు నుంచి వచ్చిన లారీ రాత్రంతా తొలిచి బూడిదలాంటి దుమ్ము తప్ప ఇంకేమీ తీయనప్పుడు, నిజంగానే ఎక్కడా కనబడడు.

పేరు మార్పులూ ఇంతే. గూగూడు కుళ్లాయిస్వామికి మొక్కుకుని పెట్టుకున్న పేరు. ఆ పిల్లోడు ‘కుళ్లాయప్ప అను నేను ఇకమీదట కునాల్‌గా పిలువబడుదును’ అని మీలో వేయించాడు. ఎవరు పిలుస్తారు? వాళ్ల అవ్వ ఆ రోజు పొద్దున కూడా ‘ఒరే కుళ్లాయీ, మేకల్ని ఇప్పురా’ అనే పిలిచింది. కునాలే పోయి ఇప్పాడు.

మీకు ముందు ఈ పని మా ఊళ్లో తలారి చేసేవాడు. తప్పెట కొట్టి, “ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయడమేమనగా” అని గొంతెత్తేవాడు. ఆ ముక్క గ్రాంథికమే, కాదనను. కానీ దాని తరవాత మాట పూర్తి కానిచ్చేవాళ్లు కాదు. “ఎవురి ఎనుముప్పా? ఎప్పట్నించి కనపళ్లేదు? సూడిదా, వట్టిదా?” అని అరుగు మీంచి ఎవరో అడిగేవాళ్లు. తలారి ఆగి చెప్పేవాడు. ఇంకొకరు “దాన్ని పొద్దున వంకలో చూసినానే” అనేవాళ్లు. మూడో వీధికి పోయేసరికి ఎనుము దొరికి ఇంటికి వచ్చేసేది. అయినా తలారి మిగిలిన వీధులు కూడా తిరిగి చాటింపు పూర్తిచేసేవాడు, ఒప్పుకున్న గింజలకు న్యాయం జరగాలి కదా. మిమ్మల్ని మధ్యలో ఆపి ఏమైనా అడుగుదామంటే ఎట్లా? మీకున్నది నోరే, చెవి లేదు.

మీ వంశం చిన్నదని కాదు. 1780లో కలకత్తాలో హికీ అనే దొర మొదలుపెట్టిన ‘బెంగాల్ గెజెట్’ ఈ దేశంలో అచ్చయిన మొదటి పేపరు అంటారు. దానికి రెండో పేరు ‘కలకత్తా జనరల్ అడ్వర్టైజర్’. అంటే పుట్టుకతోనే పేరులో సగం మీది. వార్తలు ఎప్పుడూ మీ ఇంట్లో బాడుగకు ఉన్నట్టే లెక్క.

స్థలాల ప్రకటనల జోలికి ఎక్కువ పోను. 44వ నంబరు జాతీయ రహదారికి ఆనుకుని అంటారు, పోయి చూస్తే రహదారి మీద లారీ హారన్ చెవికి ఆనుతుంది, అంతే. 2021లో ఓర్వకల్లులో విమానాశ్రయం తెరిచినప్పటి నుంచి జిల్లాలో ప్రతి బుడ్డల చేనూ ఎయిర్‌పోర్టుకు ఇరవై నిమిషాల దూరంలోనే ఉంది. విమానంలో పోతే కావచ్చు.

పోయిన కాగితాల సంగతి వేరు. గుత్తి నుంచి గుంతకల్లుకు బస్సులో వెళ్లుచుండగా పోయిన దస్తావేజులు, మార్కుల మెమోలు ఇన్నేళ్లుగా మీలో చదివి చదివి, ఆ రోడ్డుకు కంకర బదులు కాగితాలే పోశారేమోనని నాకు అనుమానం. అసలు జరిగేది మీకూ తెలుసు. మా పక్కింటాయన దస్తావేజు ట్రంకు పెట్టెలో చెదలు తినేశాయి. బ్యాంకుకు పోతే పోలీసు కాగితం, పేపరు కటింగు తెమ్మన్నారు. ఆయన నిజాయితీగా ‘చెదలు తినినవి’ అని రాసుకుపోతే మీ ఏజెంటు నవ్వి, “చెదలకు ఫార్మాట్ లేదు పెద్దాయనా, బస్సులో పోయిందని రాద్దాం” అన్నాడు. డెబ్భై ఏళ్ల మనిషి, జీవితంలో గుంతకల్లు బస్సు ఎక్కినవాడు కాదు. మీ పుణ్యమా అని ఎక్కాడు, కాగితం కూడా పారేసుకున్నాడు.

ఇంటి తగాదాలకు మీరు వేసే పీట ఇంకా గొప్పది. మా ఊళ్లో ఒకాయన, “నా పెద్ద కుమారుడు చెడు వ్యసనములకు లోనైనందున అతనితో ఎవరైనా లావాదేవీలు జరిపినచో నాకు ఎట్టి సంబంధము లేదు” అని వేయించాడు. తండ్రీ కొడుకులు ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే కుండలో సంగటి తింటారు. ఆ రోజు పేపరు పత్తికొండ పోయి తెచ్చింది కూడా ఆ పెద్దకొడుకే, నాయన తెమ్మన్నాడని. తెచ్చి, కళ్లజోడు లేదంటే తనే కూర్చుని చదివి వినిపించాడు. తన గురించేనని సగంలో తెలిసింది. పూర్తిగా చదివి, మడిచి నాయన చేతికిచ్చి, “పేరు తప్పు పడింది” అని లేచిపోయాడట. ఇంక అప్పుల సంగతంటారా, ఆ పిల్లోడికి అప్పివ్వకూడదని మా ఊరికి నాలుగేళ్ల కిందటే తెలుసు. కొత్తగా తెలుసుకున్నది కర్నూలు, ఆదోని.

ఒక్క ప్రకటన దగ్గర మాత్రం నేను నవ్వను. అది మీకు ఒప్పుకుంటున్నాను. మా పక్క ఊళ్ల నుంచి జనం సుగ్గికి పోతారు, గుంటూరు వైపు మిరప కోతలకు. పోయినవాళ్లలో ఒక్కోసారి ఒకరు తిరిగి రారు. ఒక చిన్న ఫోటో, రేషన్ కార్డుదో ఆధార్‌దో, ముఖం సగం నలుపు. చామనఛాయ, గళ్ల లుంగీ, కుడిచేతి మీద అమ్మ పేరు పచ్చబొట్టు. చివర్న, “నిన్ను ఎవరూ ఏమీ అనరు, ఇంటికి రా.” చూశారా, అక్కడ ‘బడును’ లేదు. ‘రాబడవలెను’ అని ఎవరూ రాయలేదు. మాటకింత అని తెలిసి కూడా ఆ నాలుగు మాటల్ని ఏ ఏజెంటూ కొట్టేయలేదు. మరి మీకు మనిషిలాగా మాట్లాడటం వచ్చన్నమాట!

నిజంగా విలువైనది ఏదీ మీ దగ్గరికి రాదు, ఆ సంగతి గమనించారా? ఏటా తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లోకి ఎక్కడెక్కడి జనమో వచ్చి, చెట్ల కింద వండుకు తింటూ, తల వంచుకుని వజ్రాలు వెతుకుతారు. దొరికిందని హోటల్లో చెప్పుకుంటారు. ఎవరికంటే పేరుండదు, ఎంతకంటే మనిషికో లెక్క. ‘వజ్రం, మంచి కండీషన్, అమ్మబడును’ అని నేనైతే మీలో ఎన్నడూ చూడలేదు. సంతలో ఎద్దుల బేరమైనా అంతే, తువ్వాల కింద వేళ్లు పట్టుకుని తేల్చుకుంటారు, పక్కన నిలబడ్డవాడికి కూడా తెలియదు. మీకు వచ్చేది వాకిట్లో అడ్డమనిపించిన సామాను మాత్రమే. అంటే మా నాయన బండి.

ఇప్పుడు అసలు కథ. ప్రకటన ఆదివారం పడింది. మీ అచ్చులో ఎవరి చెయ్యి జారిందో, “ఎద్దులు, బండి” అని పడింది. లు, కామా. 450 రూపాయలకు రెండు ఎద్దులు పుట్టించారు. పొద్దున ఆరుకే మొదటి ఫోన్.

“ఎన్ని పండ్లన్నా?”

నాకర్థం కాలేదు. నా పండ్ల గురించి అనుకుని, కింద రెండు లేవని చెప్పాను. అవతల కాసేపు నిశ్శబ్దం. తరవాత ఆయన, “అయితే ముసలివే” అని పెట్టేశాడు. రెండో ఆయన సుడులు ఎక్కడున్నాయని అడిగాడు. మూడో ఆయన, ఆలూరు వైపు మనిషి, “కుడిదాపటకు రెండూ అలవాటేనా?” అని అడిగితే ఎద్దులు లేవప్పా అన్నాను. “అప్పుడే అమ్మేసినావా!” అని కోప్పడ్డాడు. నాలుగు రోజులు ఇదే టెన్షన్. బండి గురించి అడిగింది ఒక్కడు, బెంగళూరు రోడ్డులో ఏదో రిసార్టు నుంచి. బండి వద్దట, చక్రాలు రెండూ కావాలట, గోడకు తగిలించడానికి. ఫోటో పంపితే, వెంట్రుకల ఉండ చూసి అదేదో పాతకాలం అలంకారమా అని అడిగాడు.

అయిదో రోజు మా చిన్నాయన వచ్చాడు. ఆయన ఇల్లు మా గోడకు అవతలే. మా ఇంట్లో పోపు వేస్తే ఆయన ఇంట్లో తుమ్ముతారు. వచ్చి బండి నొగ మీద కూర్చున్నాడు.

“ఎద్దుల్ని ఎప్పుడు కొన్నావురా?”

“ఎద్దులు లేవు చిన్నాయనా, అచ్చు తప్పు.”

“బండి అమ్మేది గూడా అచ్చు తప్పేనా?”

నేను మాట్లాడలేదు.

“హోటల్లో ఎవురో సదువుతాంటే విన్యా. ఈ బండ్లోనే మీ చిన్నమ్మను తోలుకొచ్చినా. గోడ ఇవతలుండే నాకు పేపరు చెప్పల్లనా?”

లేచి పోయాడు. అలిగాడనుకున్నాను. కాసేపటికి తిరిగి వచ్చాడు, చేతిలో తుప్పుపట్టిన ఇనుప కడ్డీ, జానెడు. మేకల దొడ్డి తలుపుకు గడియగా పెట్టుకున్నాడట ఇన్నేళ్లూ. వెంట్రుకల ఉండ తీసి నా చేతిలో పెట్టి, ఇరుసు బెజ్జంలో దాన్ని దించి, రాయితో రెండు దెబ్బలు వేశాడు. కడసీల. మేకలకు తాడు కట్టుకుంటానులే అని చెప్పి పోయాడు.

సవరణ వేయండని మీ ఏజెంటును అడిగితే, దానికి కూడా మాటకింత అన్నాడు. అందుకే ఈ ఉత్తరం. బండి వాకిట్లోనే ఉంది. ఫోన్లు మాత్రం ఇంకా ఆగలేదు. నిన్న రాత్రి ఆదోని నుంచి ఒకాయన, ఇంట్లో చిన్నపిల్లలున్నారు, ఎద్దులు పొడుస్తాయా అని అడిగాడు.

ఇంతవరకు ఎవర్నీ పొడవలేదని చెప్పాను.

ఇట్లు,
పై నంబరులో సంప్రదించబడుతున్న ఒక రైతు