గికుయులో ఆడితేనే కోపం

1977 జులైలో కెన్యా రచయిత గూగీ వా థియాంగో ఇంగ్లిష్ నవల ‘పెటల్స్ ఆఫ్ బ్లడ్’ నైరోబీలో విడుదలైంది. స్వతంత్ర కెన్యా పెద్దల దోపిడీని ఎండగట్టిన పుస్తకమది. ఆవిష్కరించింది ఎవరో కాదు, నాటి ఆర్థికమంత్రి మ్వాయ్ కిబాకీ! అదే ఏడాది లిమూరు దగ్గరి కమిరీథు ఊళ్లో రైతులు, తేయాకు తోటల కూలీలు తమ మాతృభాష గికుయులో ఒక నాటకం ఆడారు. గూగీ మరొకరితో కలిసి రాసిన ఆ నాటకంలో భాష తప్పులను ఊరివాళ్లే దిద్దారు, ఆరుబయట రంగస్థలాన్నీ వాళ్లే కట్టుకున్నారు. కొద్ది వారాలకే సర్కారు దాన్ని నిషేధించింది. ఏడాది చివర్లో గూగీని పట్టుకెళ్లి, విచారణ లేకుండా కమితి జైల్లో పెట్టింది. 1982లో పోలీసులు ఆ రంగస్థలాన్నీ నేలమట్టం చేశారు.

విమర్శ ఇంగ్లిష్‌లో ఉన్నంతకాలం పాలకులకు టెన్షన్ లేదు. కూలీకి అర్థమయ్యాకే వచ్చింది. 2025 మేలో గూగీ కన్నుమూసినప్పటి నుంచీ వినిపిస్తున్న పొగడ్తల్లో ఈ సంగతే మరుగున పడుతోందని మా బాధ. మాతృభాషలో రాయడాన్ని ఆయన రచయిత ఆత్మగౌరవంగా మాత్రమే చూడలేదు. ఎవరి గురించి రాస్తున్నామో వాళ్లు వినాలన్నారు. జైల్లో టాయిలెట్ పేపర్ మీద నవల రాసినా గికుయులోనే రాశారు.

నైజీరియా నవలాకారుడు చినువా అచెబె దీన్ని ఒప్పుకోలేదు. వందల భాషల నైజీరియాకు ఇంగ్లిష్ ఉమ్మడి భాషగా పనికొస్తుందన్నది ఆయన వాదం. కొట్టిపారేయలేం. కానీ ఆఫ్రికా నవల ఇంగ్లిష్‌తో పుట్టలేదు. థామస్ మొఫోలో ‘సెసోతో’ అనే ఆఫ్రికా భాషలో రాసిన నవల ‘చాకా’ 1925లోనే అచ్చయింది, నైజీరియా భాష యొరుబాలో ఫగున్వా రాసిన నవల 1938లో వచ్చింది. వాటికి కొరవడింది ప్రతిభ కాదు. బడి, ప్రచురణ, బహుమతి మూడూ ఇంగ్లిష్, ఫ్రెంచిల వైపే ఉన్నాయి.

బడిలో గికుయు మాట్లాడితే పిల్లల్ని కొట్టేవారని గూగీ రాశారు. కడప జిల్లాలో ఒక బడి 2009లో తెలుగు మాట్లాడిన పిల్లల మెడలో పలకలు వేలాడదీసింది, కాబట్టి మనకిది పరాయి కథేం కాదు.

గూగీ జైలు నవలను వరవరరావు జైల్లోనే తెలుగు చేశారు, అదీ ఇంగ్లిష్ మీదుగా. ఆ మధ్యవర్తి ఇక చాలు. స్వాహిలి, యొరుబా వంటి ఆఫ్రికా భాషలు నేర్చిన తెలుగు అనువాదకులను మన విశ్వవిద్యాలయాలు తయారుచేయాలి, అందుకు ప్రభుత్వాలు డబ్బు పెట్టాలి.