గ్రాఫిక్స్ బాగుంటేనే సైన్స్ ఫిక్షనా?

తక్కువ ఖర్చుతో తీసిన సైన్స్ ఫిక్షన్ సినిమా పెట్టగానే, కథ మొదలు కాకముందే "గ్రాఫిక్స్ తేలిపోయాయి" అని పెదవి విరిచేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. 2004లో వచ్చిన కాలప్రయాణం సినిమా ‘ప్రైమర్’ను షేన్ కరూత్ సుమారు 7,000 డాలర్లతో తీసి, రచన, దర్శకత్వం, కూర్పు, సంగీతం తానే చూసుకుని, ప్రధాన పాత్ర కూడా తానే పోషించి, ఆ ఏడాది సన్‌డాన్స్ చిత్రోత్సవంలో గ్రాండ్ జ్యూరీ బహుమతి అందుకున్నాడు. అందులో కాలయంత్రం ఒక మామూలు పెట్టె. మెరుపులు, పేలుళ్లు లేకుండా ఇద్దరు ఇంజనీర్లు ఆగకుండా మాట్లాడుకుంటూనే (ఆ మాటల్లో సగం నాకూ అంతుపట్టలేదు) మనల్ని కట్టిపడేస్తారు. దీనికి వంకలు పెట్టే ఈ పెద్దమనుషులే, కోట్లు కుమ్మరించిన సినిమాలో బొమ్మ పులి గెంతితే మాత్రం లాజిక్ వెతకకూడదని మనకు హితబోధ చేస్తారు.