కోనసీమలో గద్దకు రాయి కరువు

గద్ద కథ మీ అందరికీ వచ్చే ఉంటుంది. పొద్దున్నే, ఉదయిస్తున్న సూర్యుడి బొమ్మతో, "శుభోదయం" కింద వచ్చేది. గద్దకి నలభై ఏళ్లు వచ్చేసరికి ముక్కు వంకరపోతుందట, గోళ్లు మెత్తబడతాయట, ఈకలు బరువెక్కుతాయట. అప్పుడది కొండెక్కి, ముక్కుని రాతికేసి కొట్టి ఊడగొట్టుకుంటుంది. కొత్త ముక్కు మొలిచాక దాంతో గోళ్లు పీక్కుంటుంది. కొత్త గోళ్లతో ఈకలు పెరుక్కుంటుంది. 150 రోజులయ్యాక కొత్త పెళ్లికొడుకులా దిగొచ్చి ఇంకో ముప్పై ఏళ్లు బతుకుతుంది. నాకిది మేనమామ పంపాడు, బావమరిది పంపాడు, పాల పేకెట్లు వేసే కుర్రాడు కూడా పంపాడు.

ఫోనులో ఉన్నంతకాలం ఓర్చుకున్నాను. మొన్న అమలాపురంలో అది మైకెక్కింది. 62 నిండి రిటైరవుతున్న ఒక అటెండరు గారికి సన్మానం. శాలువా కప్పారు, పూతరేకుల డబ్బా చేతిలో పెట్టారు. వ్యక్తిత్వ వికాస నిపుణులొకరు లేచారు. ఆయనకి ముప్పై అయిదు మించవు. కథంతా చెప్పి, "బాబాయ్ గారూ, ముసలితనమంటే బద్ధకమే, పట్టుదల ఉంటే పోతుంది. ఇక మీరు గద్దలా మారాలి!" అన్నారు. చప్పట్లు మోగాయి. అటెండరు గారు మాత్రం మెల్లిగా తన ముక్కు తడిమి చూసుకున్నారు.

ఇంత గొప్ప పథకం మన డెల్టాలో అమలు కావాలంటే ముందు సాధకబాధకాలు చూడాలి కదండీ. మొదటి ఇబ్బంది రాయి. రావులపాలెం దగ్గర్నించి అంతర్వేది దాకా వెతకండి. గోదారి తెచ్చి పోసిన ఒండ్రు తప్ప గులకరాయి దొరికితే ఒట్టు. కొబ్బరి చెట్టుకేసి కొట్టుకుంటే ముక్కు దిగబడుతుంది గానీ ఊడదు. కాబట్టి కోనసీమ గద్ద వయసు మళ్లగానే ధవళేశ్వరం వెళ్లాలి. అక్కడ కాటన్ దొర పేరున్న బ్యారేజీ ఉంది, రాయికి లోటు లేదు. కానీ అది ప్రభుత్వ ఆస్తి. ముక్కు కొట్టుకోవడానికి ఇరిగేషన్ వారికి అర్జీ పెట్టాలి, వయసు ధ్రువపత్రం జత చేయాలి. గద్దలు జనన నమోదు చేయించుకోవు కనుక ఫైలు అక్కడే ఆగుతుంది.

పోనీ, ఎవరినో పట్టుకుని పని కానిచ్చుకుంది అనుకుందాం. ముక్కు ఊడింది. రోజులు లెక్కపెట్టుకుంటూ గేట్ల మీద కూర్చుంది. ఇంతలో శ్రావణం వచ్చింది. ఎర్రనీరు దిగింది. దాని కళ్లెదుట, సరిగ్గా దాని కాళ్ల కింద, పులసలు ఎదురీదుకుంటూ వస్తున్నాయి! పుస్తెలమ్మయినా తినాల్సిన పులస. గద్దకి పుస్తెలూ లేవు, ముక్కూ లేదు. పక్కనే ఒక కుర్ర గద్ద పులసని తన్నుకుపోతూ, "వ్యక్తిత్వ వికాసం ఎంతవరకు వచ్చిందండీ బాబాయ్ గారూ?" అని మర్యాదగా అడిగింది. "ఇంకా నూట పన్నెండు రోజులుందిరా అబ్బాయ్" అందామనుకుంది గానీ, నోరేదీ?

అసలు సంగతి ఇంతే: పక్షి ముక్కు పైతొడుగు మన గోరు లాంటిది. పెరుగుతూ ఉంటుంది, అరుగుతూ ఉంటుంది. ముక్కే ఊడిన గద్ద కొత్త జన్మ ఎత్తదు, ఆకలితో చస్తుంది. అసలు అడవిలో నలభై చూసే గద్దే అరుదు.

ముసలి పక్షుల గురించే చెప్పాలనుంటే నిజమైనవి ఉన్నాయి కదా. మన హిందూ మహాసముద్రంలోనే, బాగా దక్షిణాన, క్రోజే దీవుల్లో సంచార ఆల్బట్రాస్‌లు గూళ్లు పెడతాయి. రెక్కలు చాచితే 3.5 మీటర్ల దాకా ఉంటాయి. వయసు పెరిగేకొద్దీ తెల్లబడతాయి, రంగు వేసుకోవు. ఫ్రెంచి శాస్త్రవేత్తలు వీటి మీద 2010లో ఒక పరిశోధన ప్రచురించారు. ముప్పై దాటిన మగవి కుర్రవి ఎన్నడూ దాటని హద్దు దాటి అంటార్కిటికా నీళ్ల దాకా పోతున్నాయట. దూరం ఎక్కువ తిరుగుతాయి, నీటి మీద వేట తక్కువ, ఇంటికొచ్చేసరికి ఒంట్లో ఒత్తిడి హార్మోను ఎక్కువ. రోగనిరోధక శక్తి మాత్రం చెక్కుచెదరలేదు. మా రేవు అరుగు మీద కూర్చునే రిటైర్డు మాస్టార్లని చూస్తే ఈ ఫలితాలు నాకేమీ వింతగా అనిపించలేదు.

ఆర్కిటిక్ వైపు గిల్లెమాట్ అనే మునక పిట్టలున్నాయి. వయసుతో పాటు వాటి రక్తంలో ప్రాణవాయువు నిల్వ తగ్గుతుంది, తిన్నది శక్తిగా మారే వేగం మందగిస్తుంది. అయినా మునకలో ముసలిదీ పడుచుదీ ఒకటే. లోపల ఎంత అరిగినా పని మాత్రం ఆపదన్నమాట.

ఇక విజ్‌డమ్. పసిఫిక్‌లోని మిడ్‌వే దీవిలో గూడు పెట్టే ఒక ఆడ ఆల్బట్రాస్ పేరది, లేసన్ అనే జాతి. 1956లో చాండ్లర్ రాబిన్స్ అనే శాస్త్రవేత్త దాని కాలికి రింగు వేశాడు. అప్పటికే గుడ్డు పెట్టే వయసు. 2002లో మళ్లీ ఆయన చేతికే దొరికింది. పాత నంబర్లు తిరగేస్తే తెలిసింది, ఇది ఆ పిట్టేనని. ఆయన 2017లో పోయాడు. పిట్ట 2024 చివర్లో, డెబ్బై దాటాక, మళ్లీ గుడ్డు పెట్టింది. ఇన్నేళ్ల ఉప్పునీళ్లకి కాలి రింగులు అరిగిపోతే, వాళ్లే కొత్తవి మార్చారు. "నువ్వు నువ్వేనని రుజువు చూపించు" అని పిట్టని ఎండలో నిలబెట్టలేదు.

మా వీధికి చేపలు తెచ్చే మామ్మకి డెబ్బై ఉంటాయి. పదేళ్లప్పటి నుంచి ఐసు గడ్డల మధ్య రొయ్య తలలు తీసి, వలలు బాగుచేసి వేళ్లు నున్నగా అరిగిపోయాయి, అద్దంలాగా. నెలనెలా ఒక చోట (ఎక్కడో చెప్పను) మిషను మీద వేలు పెడుతుంది. పడదు. కడుక్కురమ్మంటారు, తుడుచుకురమ్మంటారు, రేపు రమ్మంటారు. అరవై ఏళ్లు మనకి తిండి పెట్టిన వేళ్లయ్యా అవి! అరిగింది ఆవిడ తప్పా? ఆవిడకీ చెప్తారా రాతికేసి కొట్టుకోమని, కొత్త వేళ్లు మొలుస్తాయని? ముసలితనం బద్ధకమట, పట్టుదల ఉంటే పోతుందట! మైకు దొరికింది కదా అని ఎంత మాటైనా అనేయడమేనా? సిగ్గుండక్కర్లేదూ!

సరే. మొన్న మామ్మ కానాగంతల తూకం వేస్తుంటే విజ్‌డమ్ కథ చెప్పాను. చేతిలో తక్కెడ ఆగిపోయింది.

"డెబ్బై దాటాక గుడ్డెట్టిందా? మరి పొదగొద్దా బాబూ?"

"మగది కూడా పొదుగుతుంది మామ్మా, వంతులేసుకుని."

"మగోడు పొదుగుతాడా! అయితే అది మన యేపు పిట్ట కాదులే" అని, బుట్ట నెత్తికెత్తమంది.