అమ్మ కోపం ఎన్ని మైక్రోగ్రాములు?

మా అమ్మకు కోపం రావడం నా 45 ఏళ్ళలో నేను చూసింది నాలుగైదు సార్లే. అలాంటిది నిరుడు జ్యేష్ఠమాసంలో, 20 ఏళ్ళుగా మా కొబ్బరితోటలో దింపు తీస్తున్న మనిషి మీద, పది కాయల లెక్క దగ్గర, వీధి అరుగు మీద నిలబడి కేకలు వేసిందనీ, తరవాత వంటింట్లో కూర్చుని గంటసేపు ఏడ్చిందనీ మా పిన్ని అమలాపురం నుంచి ఫోన్ చేసి చెప్పింది. "వయసు మీద పడింది కదే, చాదస్తం" అన్నది ఆవిడ తీర్పు. నేను అమ్మకు చేసేసరికి అక్కడ తెల్లవారుజామున 3 గంటలు. అప్పటికే వాకిలి ఊడ్చి ముగ్గు పెట్టేసింది. ఎందుకలా అరిచావని అడిగితే, "నాకేం తెలుసే, నోట్లోంచి అలా వచ్చేస్తోంది. గుండె దడదడలాడిపోతోంది" అంది.

ఆ కేకల వెనక ఉన్నది నా ఫోన్ వైద్యమని అప్పటికి నాకు తెలియదు.

సంక్రాంతి వెళ్ళిన వారంలో అమ్మకు థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేయడం లేదని తేలి, ఆ గ్రంథి ఇచ్చే హార్మోను లోటు తీర్చే లెవోథైరాక్సిన్ 50 మైక్రోగ్రాముల బిళ్ళ మొదలుపెట్టారు. అంతకుముందు ఏడాదిగా ఆవిడ "ఆఁ, బాగానే ఉన్నాను" అని రెండు ముక్కలు మాట్లాడి ఫోన్ పెట్టేసేది. నాన్న పోయిన దిగులనుకున్నామే గాని, ఆ గ్రంథి మందగిస్తే మాటా ఆలోచనా ఉత్సాహమూ మందగిస్తాయని మాలో ఎవరికీ తట్టలేదు. రెండు పరీక్షల్లోనూ, ఆ గ్రంథి మందగిస్తే రక్తంలో పెరిగే హార్మోనైన టీఎస్‌హెచ్ దిగకపోవడంతో మోతాదు 75కు, తరవాత 100కు పెరిగింది. బిళ్ళ ఎలా వేసుకుంటున్నారని ఆవిడను ఒక్కరూ అడగలేదు. పొద్దున్నే కాఫీతో మింగి, వెనువెంటనే మోకాళ్ళ కోసం ఇచ్చిన కాల్షియం బిళ్ళ వేసుకునేదట. వైశాఖంలో ఈ సంగతి నా చెవిన పడగానే, పరగడుపున మంచినీళ్ళతో వేసుకోమనీ, అరగంట నుంచి గంట దాకా కాఫీ ముట్టవద్దనీ, కాల్షియానికి 4 గంటల ఎడం ఉంచమనీ చెప్పాను. సలహా సరైనదే. అయితే దాన్ని డాక్టరుకు తెలియజేయాలన్న ఆలోచన నాకు రాలేదు. కాఫీ, కాల్షియం అడ్డుకుంటున్న రోజుల్లో పెంచిన 100 మైక్రోగ్రాములు ఇప్పుడు అడ్డు లేకుండా ఒంటికి పట్టసాగాయి.

ఈ మందు నిదానంగా పనిచేస్తుంది. ఒంట్లో దాని పరిమాణం సగానికి తగ్గడానికి దాదాపు 7 రోజులు పడుతుంది. కొత్త మోతాదు కుదురుకోవడానికి ఆరు వారాల దాకా పడుతుంది. డెల్టాలో పుట్టినవాళ్ళకు ఇది అర్థం కాని విషయమేమీ కాదు. ధవళేశ్వరంలో కాలువలకు నీరు వదిలిన నాడే శివారు చేనుకు అందదు, అందలేదని తొందరపడి ఇంకా వదిలితే ముందు మునిగేవి పైనున్న చేలు. అందుకే మోతాదు మార్చిన ప్రతిసారీ 6 నుంచి 8 వారాలు ఆగి టీఎస్‌హెచ్ చూస్తారు. పెద్ద వయసువారికీ గుండెజబ్బు ఉన్నవారికీ తరచుగా 12.5తోనో 25తోనో మొదలుపెడతారు. మోతాదు చాలకపోతే దిగులు, మరుపు, మబ్బు. మించితే దడ, చేతుల వణుకు, నిద్రలేమి, చీటికీ మాటికీ చిరాకు. ఇంట్లోవాళ్ళ కంటికి మాత్రం ఆ మనిషి అయితే సోమరి, కాకపోతే గయ్యాళి. (మన ఊళ్ళలో ఈ రెండింటికీ కలిపి "నరాల బలహీనత" అనే పేరు ఒకటి సిద్ధంగా ఉంటుంది, దానికి బలం సూదులూ ఉంటాయి.)

నేను ఇంకో తప్పు కూడా చేశాను. బిళ్ళ ఆపెయ్యమన్నాను. పది రోజులకు నిద్ర పడుతోందని అమ్మ అంటే, పాపమంతా బిళ్ళదేనని నమ్మాను. నెల తిరిగేసరికి మళ్ళీ "ఆఁ, బాగానే ఉన్నాను" మొదలైంది. చివరికి డాక్టరుకు దారి చూపింది మా గోడ క్యాలెండరు. పాల లెక్క పక్కన అమ్మ రాసుకున్న ముక్కలు అందులో ఉన్నాయి: "3కి మెలకువ", "దడ", "దింపు తగవు". అవన్నీ పరగడుపున వేసుకోవడం మొదలైన తరవాతి వారాలవే. ఆయన ఆ పేజీ చదివి, కాఫీ సంగతి విని, 75తో మళ్ళీ మొదలుపెట్టి ఆరు వారాలు ఆగమన్నారు. ఇప్పుడు టీఎస్‌హెచ్ హద్దుల్లో ఉంది, దింపు మనిషి కూడా తిరిగి వస్తున్నాడు.

కొందరికి టీఎస్‌హెచ్ కుదురుకున్నా దిగులు పోదు. దానికి వేరే వైద్యం కావాలి, థైరాయిడ్ బిళ్ళ పెంచుకుంటూ పోతే తీరదు. మరొక మాట: మనం సూట్‌కేసుల్లో ఊరికి మోసుకెళ్ళే జుట్టు బిళ్ళల్లో బయోటిన్ అనే విటమిన్ ఉంటుంది. అది ఒంట్లోని థైరాయిడ్‌ను ఏమీ చేయకపోయినా, కొన్ని యంత్రాల మీద థైరాయిడ్ పరీక్ష అంకెలను తారుమారు చేస్తుంది. పరీక్షకు కనీసం 2 రోజుల ముందు ఆపమంటారు.

ఇక విదేశాల్లోని మన తెలుగు సంఘాల సంగతి. సెలవులకు వెళ్ళినప్పుడు కోనసీమ ఊళ్ళలో వైద్య శిబిరాలు పెట్టడం మంచి ఆనవాయితీయే. కానీ ఒక్క పూటలో రక్తం తీసి, నెలకు సరిపడా బిళ్ళలు చేతిలో పెట్టి, ఫోటో దిగి విమానం ఎక్కేస్తే, మూడో వారంలో ఆ బిళ్ళలు తీసుకున్న ఆవిడకు నిద్ర పట్టకపోతే ఎవరికి చెప్పుకోవాలి? రెండో పరీక్షకు ఏర్పాటు లేని చోట థైరాయిడ్ బిళ్ళ మొదలుపెట్టకుండా, అక్కడి డాక్టరుకే ఆ పరీక్ష కాగితం పంపడం మేలని నా అభిప్రాయం. ఏర్పాటు చేయగలిగితే లెక్క సులువే: సంక్రాంతికి మొదలుపెట్టిన బిళ్ళకు రెండో పరీక్ష ఇంచుమించు ఫిబ్రవరి నెలాఖరుకూ మార్చి రెండో వారానికీ మధ్య పడుతుంది. ఆ రోజు సూది గుచ్చేముందు ఆవిడను ఎన్ని గంటలకు మెలకువ వస్తోందో, ఈమధ్య ఎవరితోనైనా తగవు పడిందేమో అడిగి, చెప్పింది చెప్పినట్టు చీటీ మీద రాసే మనిషి ఒకరుంటే చాలు.